ముక్కు తుడుచుకోని పిట్ట

“నా బాదం పలుకు తిని మొహం చిట్లించని ప్రాణి ఇంకా గుడ్డు పగలగొట్టుకుని బయటికి రాలేదు,” అన్నాడు ఓస్మో, మంగళవారం పొద్దున పది గంటలకు కెమెరా బిగిస్తూ.

విన్నది ఎస్కో ఒక్కడే. ఎస్కోకు అరవై రెండేళ్లు. ఫిన్లాండ్‌లో ఒక సరస్సు ఒడ్డున ఉన్న పరిశోధనా కేంద్రంలో వలలు కట్టి పిట్టల్ని పట్టడం, వాటి కాళ్లకు అంకెలున్న ఉంగరాలు తొడగడం ఆయన పని. మనిషి రోజుకు పదకొండు మాటలు మాట్లాడతాడు. ఆదివారం సెలవు.

“చూద్దాం,” అన్నాడు ఎస్కో. ఆ రోజు కోటాలో ఒకటి ఖర్చయింది.

పంజరంలో ఉన్నది పసుపు పొట్ట, నల్ల టోపీ, పిడికెడు ఒళ్లు ఉన్న, అక్కడివాళ్లు తలితింటి అని పిలిచే పిట్ట. పేరులో తినడం ఉంది కదా అని ఏది పెడితే అది తినే రకం కాదు. దాని ఉంగరం మీద చివరి అంకెలు డెబ్బై ఒకటి కాబట్టి ఓస్మో దాన్ని డెబ్బై ఒకటి అనే పిలిచేవాడు. పిట్ట అతన్ని ఏమని పిలిచేదో తెలియదు కానీ, వేలు అందినప్పుడల్లా కరిచేది.

ఆ రోజు పథకం చాలా తేలిక. పంజరంలో రెండు కాగితం పొట్లాలు ఉంటాయి. ఒకదాని మీద చదరం గుర్తు, రెండోదాని మీద ఇంటూ గుర్తు. ఇంటూ పొట్లంలో మామూలు బాదం, చదరం పొట్లంలో చేదు బాదం ఉంటాయి. గోళ్లు కొరికే పిల్లల వేళ్లకు రాసే మందులో దాన్ని రాత్రంతా నానబెట్టి ఆరబెడతారు. దానివల్ల ప్రాణానికి హాని లేదు, ప్రాణం మీద విరక్తి మాత్రం పుడుతుంది. పిట్ట ఆ పలుకు నోట్లో పెట్టుకుని, తల విదిలించి, ముక్కును కొమ్మకేసి అటూ ఇటూ తుడుచుకుంటుంది. దాన్ని వీడియో తీయాలి. పక్క గదిలో ఉన్న పన్నెండు పిట్టలకు ఆ వీడియోను టీవీలో చూపించాలి. తోటి పిట్ట పడిన బాధ చూసి, ఆ పన్నెండూ చదరం జోలికి వెళ్లకుండా బుద్ధి తెచ్చుకుంటాయా లేదా అన్నది ఓస్మో రెండు చలికాలాలుగా వెతుకుతున్న ప్రశ్న. ఒకరు తిని మొహం చిట్లిస్తే పదిమంది నోళ్లు బాగుపడతాయన్నది అతని సిద్ధాంతం.

ఆ పన్నెండు పిట్టలూ ఇప్పుడు ఒక సన్నని దారానికి వేలాడుతున్నాయి. ఆ దారం పేరు హిల్కా. కేంద్రానికి ఆమె అధిపతి, ఓస్మోకు గురువు. జనవరిలో ఓస్మో ఆవిరి స్నానాల గది వెనక ఒక చిన్న స్పీకరు దాచి కోకిల కూత వినిపించాడు. మైనస్ ఇరవై డిగ్రీల చలిలో కోకిల కూసిందని పక్క ఊరి పత్రికలో మొదటి పేజీలో పడింది. వసంతం వచ్చేసిందని ఒకాయన పడవకు రంగు వేయడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన పొయ్యిలోకి కట్టెలు కొట్టడం మానేసి నాలుగు రోజులు వణికాడు. అప్పుడు హిల్కా ఓస్మోను గదిలోకి పిలిచి తలుపు వేసింది.

“ఇంకొక్కటి,” అంది. “ఇంకొక్క కొంటె పని చేశావో, ఆ రోజే కిటికీ తెరిచి నీ పన్నెండు పిట్టల్నీ వదిలేస్తాను. తర్వాత నువ్వు వానపాముల మీద పరిశోధన చేసుకో. వాటికి చెవులుండవు.”

కాబట్టి ఆ మంగళవారం ఓస్మో ఆ దేశంలోకెల్లా బుద్ధిమంతుడు.

డెబ్బై ఒకటి చదరం పొట్లం చింపింది. పలుకు తీసింది. కాలి కింద నొక్కిపెట్టి కొరికింది. ఓస్మో కెమెరా మీదికి వంగాడు. పిట్ట తల విదిలించలేదు, ముక్కు తుడుచుకోలేదు. పలుకంతా తినేసి, కింద పడిన పొడి కూడా ఏరుకుని, వడ్డించేవాళ్లు ఎక్కడికి పోయారన్నట్టు కెమెరా వైపు చూసింది.

“పుట్టింది,” అన్నాడు ఎస్కో.

“దీనికి జలుబు చేసుంటుంది,” అన్నాడు ఓస్మో. “రుచి తెలియడం లేదు.”

రెండో పిట్టను తెచ్చారు. అది రెండు పలుకులు తింది. మూడోది మూడు తింది. నాలుగోది పొట్లం విప్పడానికి కూడా ఓపిక పట్టక, కాగితంతో సహా మింగబోతే ఎస్కో అడ్డుపడ్డాడు. ఐదోది కడుపు నిండా తిని, ఒంటికాలి మీద నిలబడి, ఒళ్లు బంతిలా ఉబ్బించి కునుకు తీసింది. మధ్యాహ్నం రెండు కావస్తోంది. కెమెరాలో మూడున్నర గంటల వీడియో ఉంది. పెళ్లి భోజనం వీడియోలో కూడా అంత తృప్తిగా తింటున్న మొహాలు కనిపించవు.

“పిట్టలకు చేదు తెలియదని కనిపెట్టానేమో,” అన్నాడు ఓస్మో. గొంతులో ఆశా భయమూ సగం సగం ఉన్నాయి. “ఇది చాలా పెద్ద విషయం ఎస్కో.”

“నువ్వు తిను,” అన్నాడు ఎస్కో.

ఓస్మో డబ్బాలోంచి ఒక పలుకు తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. కళ్లు గట్టిగా మూసుకుని కొరికాడు. కొంచెంసేపటికి ఒక కన్ను తెరిచాడు. తర్వాత రెండోది. కమ్మగా, తియ్యగా, కొట్టు నుంచి అప్పుడే వచ్చిన బాదంలా ఉంది.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ముందే చెప్పాల్సింది, కానీ అప్పుడు చెబితే మీరు ఓస్మో గురించి ఏమనుకునేవారో అని ఆగాల్సి వచ్చింది.

పిట్టల కోసం ఓస్మో దగ్గర రెండు రకాల బాదం ఉండేది: చేదుది, మామూలుది. మామూలు బాదం డబ్బాను వంటగది అలమరలో పెట్టేవాడు. డిసెంబరు నుంచి అందులోంచి ఎవరో రోజూ గుప్పెడు దొంగిలిస్తున్నారు. ఎవరిని అడిగినా తెలియదన్నారు. అందుకని నిన్న సాయంత్రం ఓస్మో మామూలు బాదాన్ని తన బీరువాలో దాచేసి, చేదు బాదమంతా ఆ డబ్బాలో పోసి, మూత మీద కాగితం అంటించి, పెద్ద అక్షరాలతో ఇలా రాశాడు: ‘మంచి బాదం. ఎవరూ ముట్టుకోవద్దు.’ దొంగ తింటాడు, మొహం చిట్లిస్తాడు, మర్నాడు దొరికిపోతాడు. ఇది కొంటె పని కాదనీ, నేర పరిశోధన అనీ తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. పొద్దున అదే డబ్బాను నేరుగా పిట్టల గదికి తెచ్చుకున్నాడు.

చేదు పోసిన డబ్బాలోంచి తీపి వచ్చిందంటే, ఆ చేదు ఇంకెక్కడో ఉండాలి. ఓస్మో కోటు కూడా వేసుకోకుండా, మైనస్ ఇరవై రెండులో, మోకాలి లోతు మంచులో వంటగది వైపు పరుగెత్తాడు.

వంటగదిలో లెంపి ఉంది. పేరులో లెంప ఉందన్న మాటే గానీ అక్కడ వంట చేస్తున్న ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరి లెంపా వాయించిన మనిషి కాదు. ఆ కేంద్రంలో ఎవరేం పరిశోధించినా అది లెంపి సూపు తాగిన తర్వాతే. ఇప్పుడామె ఒక పెద్ద పళ్లెం నిండా మీగడ బన్నులు సర్దుతోంది. ఇరవై నాలుగు బన్నులు. తల మీద టోపీలు, టోపీల మీద చక్కెర పొడి, మధ్యలో మీగడ. మీగడ కింద లేత గోధుమ రంగులో ఏదో కనిపిస్తోంది.

“లెంపీ,” అన్నాడు ఓస్మో. “నా డబ్బాలో బాదం...”

“తీసుకున్నాను నాయనా. పొద్దున ఆరింటికి. నిన్న మంచు పడి కొట్టు బండి రాలేదు కదా, బాదం ముద్ద మధ్యాహ్నం దాకా చలిలో నానాలాయె. బండి తొమ్మిదింటికి వచ్చింది. నీది నీకు నింపి పెట్టేశాను. ఏమంటావు, తక్కువైందా?”

“తక్కువేం కాలేదు. నాకు చెప్పనేలేదే.”

“తీసుకున్నాను, పెట్టాను. అందులో చెప్పడానికేముంది?”

అక్కడివాళ్లంతా అంతే. అడక్కుండా తీసుకుంటారు, తీసుకుంటే తిరిగి పెట్టకుండా ఉండరు, పెడితే చెప్పరు. ఓస్మో పళ్లెం వైపు వంగాడు.

“మీరు రుచి చూశారా?”

“బాదం ముద్దా? నేనా?” లెంపి అతని వైపు చూసిన చూపు, ఆవిరి స్నానానికి బట్టలతో వెళ్తారా అని అడిగినవాణ్ని చూసే చూపు.

ఎందుకంటే ఆ రోజు లస్కియాయినెన్ పండగ. పిల్లా పెద్దా కొండ మీంచి మంచులో జారి, తడిసిన చేతి తొడుగులు పొయ్యి దగ్గర ఆరేసుకుని, మీగడ బన్ను తినే మంగళవారం. ఆ ఒక్కరోజు ఫిన్లాండ్ దేశం రెండుగా చీలిపోతుంది. మీగడ కింద జాము ఉండాలనేవాళ్లు ఒక పక్షం, బాదం ముద్ద ఉండాలనేవాళ్లు ఇంకో పక్షం. మధ్యే మార్గం లేదు. కొత్తగా కాపురం పెట్టిన జంటలు కూడా ఫిబ్రవరి దాకా బాగానే ఉంటారు. లెంపి జాము పక్షం. బాదం ముద్ద నాలిక మీద పెట్టనని ఎప్పుడో పంతం పట్టిన మనిషి. వంటావిడ జాము పక్షమైతే కేంద్రంలో మిగతావాళ్లు ఏ పక్షమో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క హిల్కా మాత్రం బాదం మనిషి. వచ్చిన మొదటి ఏడాది “బాదంవి కూడా కొన్ని చేస్తావా లెంపీ?” అని అడిగింది. “చూద్దాం,” అంది లెంపి. పంతొమ్మిదేళ్లు చూసింది.

అయితే డిసెంబరులో లెంపి కట్టెల కొట్టం దగ్గర జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ముందున్న కారు కూడా కనిపించని మంచు తుఫానులో హిల్కా ఆమెను తొంభై కిలోమీటర్లు తీసుకెళ్లి, ఆసుపత్రిలో కట్టు కట్టేదాకా కూర్చుని, మళ్లీ తీసుకొచ్చింది. దారిలో ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. వచ్చాక కూడా మాట్లాడుకోలేదు. థాంక్స్ అని లెంపి అనలేదు, అంటే హిల్కాకు ఇబ్బందిగా ఉండేది. దానికి బదులు ఈ ఇరవై నాలుగు బన్నుల్లో బాదం ముద్ద పెట్టింది. ఆ ఊరి లెక్కలో అది ప్రేమలేఖ కంటే ఒక మెట్టు పైన.

“హిల్కా మొహం చూడాలి,” అంది లెంపి, ఆప్రాన్ సర్దుకుంటూ. చెంపలు ఎర్రగా ఉన్నాయి. పొయ్యి వేడి వల్ల కాదు.

నిజం చెబితే పన్నెండు పిట్టలూ కిటికీలోంచి ఎగిరిపోతాయి. చెప్పకపోతే ఈ మనిషి ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి మెత్తబడి చేసిన పని చేదైపోతుంది. ఓస్మో మూడో దారి వెతికాడు. అలాంటివాళ్లు ఎప్పుడూ మూడో దారే వెతుకుతారు.

“పళ్లెం నేను పట్టుకొస్తాను, మీ చెయ్యి ఇంకా నొప్పిగా ఉంటుంది,” అన్నాడు. గుమ్మం దగ్గర కాలు తట్టుకుని పడిపోవాలని అతని ఉద్దేశం.

“నీ చేతికి ఇవ్వడమా? క్రిస్మస్‌కు పంది తొడ ఏ దారిన పోయిందో మర్చిపోలేదు నేను,” అని లెంపి పళ్లెం ఎత్తుకుని భోజనాల గదిలోకి నడిచింది.

రెండు గంటలకు పదిమంది బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. హిల్కా, పిట్టల గది నుంచి వచ్చేసిన ఎస్కో, ఇంకా చేపల మీదా మంచు మీదా నాచు మీదా పని చేసే ఎనిమిదిమంది. లెంపి మొదటి బన్ను హిల్కా పళ్లెంలో పెట్టింది. హిల్కా బన్ను టోపీ ఎత్తి చూసింది. కింద జాము ఎర్రగా కనిపించాల్సిన చోట బాదం ముద్ద కనిపించింది. ఆమె టోపీ మళ్లీ పెట్టేసింది. తర్వాత లెంపి వైపు చూసింది. లెంపి గోడ మీద గడియారం వైపు చూసింది. అంతటితో ఆ ఇద్దరి మధ్య సంభాషణ పూర్తయింది. అంత సుదీర్ఘంగా వాళ్లు అంతకుముందెప్పుడూ మాట్లాడుకోలేదు.

హిల్కా కొరికింది.

ఓస్మో ఏ పిట్టనూ అంత శ్రద్ధగా గమనించి ఉండడు. ఆమె దవడ ఒక్క క్షణం ఆగింది. కనురెప్పలు రెండుసార్లు కొట్టుకున్నాయి. చెవి దగ్గర ఒక నరం లేచి మళ్లీ కూర్చుంది. మింగింది.

“బాగానే ఉంది,” అంది హిల్కా.

ఆ ప్రాంతంలో దాన్ని మించిన పొగడ్త లేదు. అది విని మిగతా తొమ్మిదిమందీ ధైర్యంగా కొరికారు. ఒక్క మొహంలో ఒక్క గీత కదల్లేదు. చేపలావిడ ఒక్క గుక్కలో కప్పు కాఫీ తాగి, ఇంకో కప్పు పోసుకుని, అదీ తాగింది. మంచు మనిషి కళ్లలో నీళ్లు తిరిగితే, ఇవాళ సరస్సు మీద ఎండ తీక్షణంగా ఉందన్నాడు. బయట మబ్బు పట్టి ఉంది. వాళ్లంతా జాము పక్షం. ఇప్పుడు బాగోలేదంటే, ఓడిపోయి ఏడుస్తున్నారనుకుంటారు. పైగా హిల్కా అంత హాయిగా తింటోంది, కాబట్టి బాదం ముద్ద ఇలాగే ఉంటుంది కాబోలు అని ప్రతి ఒక్కరూ అనుకున్నారు. ఒక్కరు, ఒకే ఒక్కరు పిట్టలా తల విదిలించి ఉంటే తొమ్మిదిమంది బతికి బట్టకట్టేవారు. కానీ వాళ్లు పిట్టలు కాదు, మర్యాదస్తులు.

“ఇంకోటి వెయ్యనా?” అంది లెంపి.

“వెయ్యి,” అంది హిల్కా.

పదిమందికీ రెండో బన్ను పడింది. ఓస్మో తన మొదటి బన్నును లాగు జేబులోకి తోసేశాడు. మీగడ తొడ మీదుగా మెల్లగా కిందికి ప్రయాణం పెట్టుకుంది.

“కిటికీ బయట గుడ్లగూబ,” అన్నాడు. అందరూ లేస్తే పళ్లేలు మాయం చేద్దామని అతని ఆలోచన. అందరూ లేచారు. కానీ బన్నులు చేత్తో పట్టుకునే లేచారు. పైగా కిటికీ బయట, దురదృష్టవశాత్తూ, నిజంగానే గుడ్లగూబ ఉంది. పిడికిలంత గుడ్లగూబ, కొమ్మ చివర కూర్చుని వాళ్లనే చూస్తోంది. శాస్త్రవేత్తలు కదా, పది నిమిషాలు కదలకుండా దాన్నే చూస్తూ, ఏం తింటున్నారో కూడా తెలియకుండా రెండో బన్ను సగం లాగించేశారు; హిల్కా, ఎస్కో అయితే మొత్తం తినేశారు.

ఇక మిగిలినవైనా కాపాడాలని ఓస్మో తెగించాడు. “లెంపీ, ఆ మిగిలిన బన్నులన్నీ నాకిచ్చేయండి. ఒక్కటి కూడా ఎవరికీ పెట్టొద్దు. నా గదికి తీసుకెళ్లిపోతాను.”

 లెంపి పళ్లెం పట్టుకుని ఆగింది.

“అంత నచ్చాయా నాయనా?”

“చాలా,” అన్నాడు ఓస్మో. 

లెంపి పళ్లెం బల్ల మీద పెట్టింది. అందరి మొహాలూ ఒకటొకటిగా చూసింది. పది ప్రశాంతమైన మొహాలు. ఒకరు రెండోది అడిగి తిన్నారు, ఒకరు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, ఒకడు మొత్తం పళ్లెమే కావాలంటున్నాడు.

“ఇన్నేళ్లు మొండికేశాను,” అంది మెల్లగా. “ఇంతమంది ఇంత ఇష్టంగా తింటున్నారంటే అందులో ఏదో ఉండే ఉంటుంది. ఇవాళ నేనూ తింటాను.”

ఒక బన్ను తీసుకుంది.

పది దవడలు ఒకేసారి ఆగిపోయాయి. చేపలావిడ కప్పు గాల్లో నిలిచిపోయింది. హిల్కా “లెంపీ” అంటూ సగం లేచింది. లెంపి ఆ బన్ను కొరికితే చేదు ఆమెకే తెలుస్తుంది. అంతకంటే ఘోరం, ఈ పదిమందీ ఇంతసేపూ తన మొహం మీదే అబద్ధమాడారని తెలుస్తుంది. బన్ను నోటి దాకా వెళ్లింది. ఓస్మో కళ్ల ముందు పన్నెండు పిట్టలు వరసగా కిటికీలోంచి ఎగిరిపోయాయి. వాటి వెనకే డెబ్బై ఒకటి, వెళ్తూ వెళ్తూ ఒకసారి కరిచి మరీ వెళ్లింది.

అతను బల్ల మీదుగా వంగి, లెంపి చేతిలోంచి బన్ను లాక్కుని, మొత్తం నోట్లో కుక్కుకున్నాడు.

తను తయారు చేసిన చేదు రుచి ఓస్మోకు అప్పటిదాకా తెలియదు. ముందు చెవులు వెనక్కి పోయాయి. తర్వాత తల తన ప్రమేయం లేకుండా కుడికీ ఎడమకీ విదిలించుకుంది, నాలుగుసార్లు. మూతిని చొక్కా చేతికి తుడిచాడు, బల్లగుడ్డకు తుడిచాడు, పక్కనున్న ఎస్కో భుజానికి కూడా తుడిచాడు. ఏ పిట్టా ఏ వీడియోలోనూ అంత స్పష్టంగా చెప్పలేదు.

ఎనిమిది సగం బన్నులు ఎనిమిది పళ్లేల్లోకి ఒకేసారి దిగాయి. ఒకటే చప్పుడు.

లెంపి ఓస్మోను చూసింది. తర్వాత పళ్లేలను చూసింది.

“చేదుగా ఉందా?” అంది.

చేపలావిడ కాఫీ కప్పులోకి చూసింది.

“హిల్కా, నిన్నే అడుగుతున్నాను. చేదుగా ఉందా?”

హిల్కా లేచి నిలబడింది. ఓస్మో కళ్లు మూసుకున్నాడు. కిటికీ గడియ తీసిన చప్పుడు కూడా అతనికి వినిపించింది.

“తప్పు నాదే,” అంది హిల్కా.

ఓస్మో కళ్లు తెరిచాడు.

“ఓస్మో డబ్బాలోంచి డిసెంబరు నుంచి బాదం దొంగిలిస్తున్నది నేనే,” అంది హిల్కా, బల్లగుడ్డ మీది చక్కెర పొడితో మాట్లాడుతున్నట్టు. “ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు ఆకలేసి గుప్పెడు తీసుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. ఈ ఇంట్లో ఇంకెక్కడా బాదం దొరకదు కదా. నిన్న సాయంత్రం ఒకటి నోట్లో వేసుకుంటే చేదు విషం. ఇవాళ బన్ను కొరగ్గానే అదే చేదు. మీరిద్దరూ కలిసి నన్ను పట్టుకున్నారని, అందరి ముందూ శిక్ష వేస్తున్నారని అర్థమైంది. శిక్ష కదా అని నోరు మూసుకుని రెండూ తినేశాను.”

“శిక్షా?” అంది లెంపి. “నేను నీకు శిక్ష వేశానా? పంతొమ్మిదేళ్ల తర్వాత నీ కోసం బాదం ముద్ద రుబ్బితే, శిక్ష అనుకుని తిన్నావా?”

“రుచి అలా ఉంది మరి,” అంది హిల్కా.

ఓస్మో లోపల దీపాలు వెలిగాయి. దొంగ దొరికింది. దొంగే తన గురువు. గురువే తప్పు ఒప్పుకుంది. పిట్టలన్నీ ఎగిరిన కిటికీలోంచే తిరిగి వచ్చి పంజరాల్లో కూర్చున్నాయి. అతను మీగడ కారుతున్న కాలును బల్ల కిందికి లాక్కుని, చర్చిలో బిషప్పు పెట్టేంత శాంతమైన మొహం పెట్టాడు.

“పోనివ్వండి హిల్కా,” అన్నాడు. “మనిషన్నాక పొరపాట్లు చేస్తాడు. నేనేమీ మనసులో పెట్టుకోను. ఇంకెప్పుడూ అలా చేయకుండా ఉంటే చాలు.”

ఒకటిన్నర నిమిషం పాటు ఆ సరస్సు చుట్టుపక్కల అతనంత ఉదారుడు లేడు.

లెంపి మాత్రం కదల్లేదు. ఆమె ఏదో లెక్క వేసుకుంటోంది. వంటవాళ్లు లెక్క వేసుకునేటప్పుడు పెదవులు కదుపుతారు.

“ఒక్క నిమిషం,” అంది. “నిన్న సాయంత్రం హిల్కా తిన్నప్పుడే చేదుగా ఉందంటే, నేను పొద్దున తీసుకునేసరికే ఆ డబ్బాలో చేదు బాదం ఉందన్నమాట.”

“అవును,” అన్నాడు ఓస్మో. ఆ మాట బయటికి వచ్చాక వెనక్కి తీసుకోవడానికి వీల్లేకపోయింది.

“మూత మీద ‘మంచి బాదం’ అని ఉంది.”

ఓస్మో కిటికీ వైపు చూశాడు. గుడ్లగూబ అవసరమైనప్పుడు ఉండదు. వెళ్లిపోయింది.

“మంచి బాదం అని రాసిందెవరు?” అంది లెంపి.

“అది,” అన్నాడు ఓస్మో, “పిట్టలు రాసింది కాదు.”

“ఓస్మో.”

“నేనే.” ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాలేదు. దొంగ కోసం చేదు పోశాననీ, మామూలు బాదం బీరువాలో ఉందనీ, పొద్దున్నుంచి ఐదు పిట్టలకు విందు చేశాననీ, వంటగదికి వచ్చినప్పుడే అన్నీ తెలిసిపోయాయనీ, చెబితే పిట్టలు పోతాయని నోరు మూసుకున్నాననీ, జేబులో ఒక బన్ను ఉందనీ చెప్పేశాడు. “దొంగ మొహం చిట్లిస్తే పట్టుకుందామనుకున్నాను. మొహం చిట్లించే దొంగ అయ్యుంటే ఇంతదూరం వచ్చేది కాదు,” అన్నాడు హిల్కాతో. అది ఫిర్యాదో పొగడ్తో అతనికే తెలియలేదు.

లెంపి ఆప్రాన్ ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. హిల్కా గబగబా బల్ల చుట్టూ తిరిగి వచ్చి, ఎక్కడ చెయ్యి వేయాలో తెలియక ఆప్రాన్ కొస పట్టుకుని నిలబడింది.

“ఏడవకు లెంపీ.”

“ఎవరు ఏడుస్తున్నారు,” అంది లెంపి ఆప్రాన్ వెనకనుంచి. నవ్వుతో మాట సరిగా రావడం లేదు. “రెండూ తిన్నావా? నిజంగా రెండూ తిన్నావా? ఓసి మొండిఘటమా.”

అప్పుడు హిల్కా కూడా నవ్వింది. పదిమందిలో మొహం కదిలిన మొదటి మనిషి ఆమే. అది చూసి చేపలావిడ నవ్వింది, ఆవిణ్ని చూసి మంచు మనిషి, అలా బల్ల చివరి దాకా పాకింది.

నవ్వులు ఆగాక ఓస్మో నేల చూపులు చూస్తూ అడిగాడు. “మరి నా పిట్టలు?”

హిల్కా చేతికంటిన చక్కెర దులుపుకుంది.

“నీ పిట్టల్ని వదిలేస్తే, ఎందుకు వదిలానో ఏడాది నివేదికలో రాయాలి. నేను తిన్న బాదం సంగతి కూడా రాయాలి,” అంది. “రేపు పొద్దున నీ డెబ్బై ఒకటికి అసలైన చేదు పెట్టి వీడియో తియ్యి. మధ్యాహ్నం ఆ పన్నెండు పిట్టలకూ చూపించు.”

“పొద్దున కాదు,” అంది లెంపి. “పొద్దున అతగాడు నా వంటింట్లో తియ్యటి బాదం రుబ్బుతాడు. నువ్వు బన్నులు కోస్తావు. దొంగలిద్దరూ నా కళ్ల ముందుండాలి.”

బల్ల దగ్గరికి వచ్చాక ఎస్కో కోటాలోంచి ఒక్క మాటా ఖర్చు పెట్టలేదు. ఇప్పుడు చెయ్యి చాపి, పళ్లెంలోంచి మూడో బన్ను తీసుకున్నాడు. కొరికాడు, నిదానంగా నమిలాడు, చక్కెర అంటిన మీసం తుడుచుకున్నాడు.

“నాకు మాత్రం రేపు కూడా ఇదే చెయ్యి లెంపీ,” అన్నాడు. “బాదం ఇంత బాగుంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.”

పంతొమ్మిదేళ్లలో బాదం పక్షానికి దొరికిన మొదటి మనిషి కాబట్టి, హిల్కా కాదనలేదు.